పాత నాణేలు వాయిదాల మీద కొనేటప్పుడు ఏమేం చూసుకోవాలి

మూడేళ్ళ కిందట నెల్లూరు ఆచారి వీధిలో, తెలిసిన కంసాలి కొట్లో కూర్చుని ఒక వెండి రూపాయిని తూకం వేయించాను. 1911 నాటిది, అయిదో జార్జి బొమ్మది. నాలుగు నెలలు వాయిదాలు కట్టాక ముందురోజే చేతికొచ్చింది. ఆ రూపాయి 11.66 గ్రాములు తూగాలి, చేతులు మారి అరిగినా 11.5 దరిదాపుల్లో ఉండాలి. కాటా మీద 11.31 చూపించింది. కంసాలి దాన్ని తిప్పి, అంచు మీద ఒకచోట గోటితో రాసి, లెన్స్ పెట్టి చూసి, "ఇది మెళ్ళో ఏలాడిన బిళ్ళ అన్నా, కొక్కెం పీకేసి ఆకురాయి పెట్టారు, ఆ తర్వాత మెరుగు పెట్టారు" అన్నాడు. సరిగ్గా రాజు కిరీటం పైన, అంచు గీతలు రెండు మూడు చదునుగా ఉన్నాయి. ఆయన చూపించేదాకా నా కంటికి ఆనలేదు. అడ్వాన్స్ ఇచ్చిన రోజు నేను చూసిన బిళ్ళ ఇది కాదు, దానికి నల్లగా మంచి పాత రంగు ఉండేది. రసీదు తీసి చూసుకుంటే "1911 వెండి రూపాయి, ఒకటి" అని మాత్రమే ఉంది. అమ్మినాయన ఇచ్చింది కూడా 1911 వెండి రూపాయే. ఇంక ఏమని అడుగుతాం?

అది 12,000 రూపాయల బేరం, నాకు చిన్న మొత్తం కాదు. ఆ తర్వాత కూడా వాయిదాల మీద కొనడం మానలేదు, ఆరు నాణేలు కొన్నాను, ఒక్కదాంట్లో కూడా తేడా రాలేదు. జీతం మీద బతికేవాళ్ళకి మంచి నాణెం కొనాలంటే ఇదొక్కటే దారి, అందుకే మానేయండని చెప్పను. ఎలా కొంటున్నానో రాస్తాను, మీరు నాలాగా కాగితం దగ్గర నష్టపోకూడదని.

ముందు ఈ పద్ధతి ఏందో సరిగా అర్థం చేసుకోండి. ఈఎంఐలో ఫోన్ కొంటే ఫోన్ ముందు వస్తుంది, డబ్బు తర్వాత కడతాం. ఇక్కడ అంతా తిరగబడి ఉంటుంది, డబ్బంతా కట్టేదాకా నాణెం అమ్మేవాడి బీరువాలోనే ఉంటుంది, అందుకే మామూలుగా వడ్డీ ఉండదు. అమెరికాలో దీన్ని లే-అవే అంటారు, 1930ల మాంద్యంలో జనం చేతిలో డబ్బులాడనప్పుడు దుకాణాల్లో బాగా పెరిగిన అలవాటు ఇది, అక్కడి నాణేల డీలర్లు ఇప్పటికీ ఇస్తారు. మన దగ్గర దీనికి ప్రత్యేకంగా పేరేం లేదు, "అన్నా, ఇది పక్కన పెట్టు, నాలుగు దఫాలుగా ఇస్తాను" అంటాం, అంతే. కానీ ఆ మాట అన్న క్షణం నుంచి ఆఖరి వాయిదా దాకా నాణెమూ ఆయన దగ్గరే, మన డబ్బూ ఆయన దగ్గరే. మన దగ్గర ఉండేది కాగితం ఒక్కటే. కాబట్టి ఆ కాగితం నాణెమంత గట్టిగా ఉండాలి.

బంగారు షాపుల 11 నెలల స్కీముతో దీన్ని కలపొద్దు. అక్కడ మీ డబ్బు జమవుతూ పోతుంది, ఏ నగ తీసుకుంటారో, ఏ రేటు పడుతుందో కొన్నరోజున తేలుతుంది. ఇక్కడ ఏ నాణెమో ఈరోజే తేలాలి, ధర కూడా ఈరోజే తేలాలి. ఆ స్కీములు 11 నెలలకే ఎందుకు ఆగుతాయో తెలుసా? కంపెనీ ఏదైనా సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుని 365 రోజుల్లోపు సరుకుగా మార్చి ఇవ్వాలి, దాటితే దాన్ని డిపాజిట్ కింద లెక్కేస్తారు. అందుకని ఎవరైనా "రెండేళ్ళు నెలనెలా కట్టండి, అరుదైన నాణేల సెట్టు ఇస్తాం" అంటే కూర్చోకుండా లేచి వచ్చేయండి. నేనైతే నాలుగు నెలలు దాటనివ్వను, ఎంత పెద్ద నాణెమైనా ఆరు.

ఏ నాణేనికి వాయిదా పెట్టుకోవచ్చు? ప్రభుత్వ టంకశాలలు, అంటే ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడాల్లో ఉన్నవి, స్మారక నాణేలను సొంత వెబ్‌సైట్లో తాము పెట్టిన ధరకే అమ్ముతాయి. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం గుర్తుందిగా, సగం వెండి, మిగతా రాగి, నికెల్, జింకు, 35 గ్రాముల బిళ్ళ. అప్పుడు మన వైపు కూడా దానికోసం ఎగబడ్డారు. ఇలాంటిది టంకశాలలో దొరుకుతున్నప్పుడు డీలర్ దగ్గర ఎక్కువ పెట్టి వాయిదాలు కట్టడం దండగ, రెండు నెలలు దాచుకుని నేరుగా కొనుక్కోండి. మామూలు అయిదో జార్జి రూపాయలు, చిల్లు కానీలు, అణాలు, బేడలు కూడా అంతే, ఎప్పుడైనా దొరుకుతాయి. పోతే మళ్ళీ దొరకదు అనిపించే నాణేనికే ఈ పద్ధతి వాడండి.

నేను 1911 రూపాయి వెంట పడటానికి కారణం ఉంది. ఆ ఏడాది రాజు అంగీ మీద వేసిన ఏనుగు పందిలా కనపడుతోందని గొడవైంది, చాలా వాటిని వెనక్కి తీసుకుని కరిగించారు, 1912 నుంచి బొమ్మ మార్చారు. అందుకే 1911ది జనం వెతుక్కుంటారు. ఆరో జార్జి 1939 రూపాయి దానికంటే కష్టం, 1940 నుంచి వెండి సగానికి తగ్గించేశారు కాబట్టి పాత వెండి పాళ్ళతో వచ్చిన ఆఖరి రూపాయి అది. దానికి నకిలీలు కూడా ఎక్కువ. వాయిదాల్లో 1939 కొంటుంటే, నాణేలు పరీక్షించి నాణ్యతకి గ్రేడు ఇచ్చే అమెరికా కంపెనీలు పీసీజీఎస్ గానీ ఎన్‌జీసీ గానీ గ్రేడ్ చేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసిందే తీసుకోండి, ఆ డబ్బా మీది నంబరు వాళ్ళ సైట్లో కొడితే ఏ నాణెమో, ఏ గ్రేడో వస్తుంది, చాలా వాటికి ఫోటో కూడా వస్తుంది. విజయనగరం వరహాలు ఇంకో సంగతి. కృష్ణదేవరాయలు 1514లో మన ఉదయగిరి కోట గెలిచాడు కదా, ఆ కాలపు బిళ్ళ మన దగ్గర ఒకటి ఉండాలని నెల్లూరు వాళ్ళకి ఎవరికైనా ఆశగానే ఉంటుంది. వరహా బంగారం, సుమారు 3.4 గ్రాములు, చిటికెన వేలి గోరంత ఉంటుంది. మంచి పరీక్ష చేయించకుండా దానికి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఒకటి మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం ఉండి, వెనక రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు ఉన్న రాగి బిళ్ళ. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. అవి తర్వాతి కాలంలో ఎవరో చేసుకున్న బిళ్ళలు. దేవుడి గదిలో పెట్టుకోవడానికి యాభయ్యో వందో ఇచ్చి కొంటే అది మీ భక్తి, "లక్షల్లో పలుకుతుంది, నెలకి అయిదు వేలు కట్టు" అంటే మాత్రం మోసమే.

ధర సంగతి. అడ్వాన్స్ ఇచ్చే ముందు కనీసం వారం ఆగి, అదే నాణెం, అదే నాణ్యతలో ముంబై, బెంగళూరు వేలాల్లో ఎంతకు పోయిందో చూడండి. వేలం సంస్థలు పాత ఫలితాలు ఆన్‌లైన్‌లో పెడతాయి, కానీ ఆ ధర మీద కొన్నవాడు కమిషన్ కూడా కట్టి ఉంటాడు, అది కలిపి చూసుకోవాలి. వెండి రూపాయికి అడుగు ధర ఎంతో మనమే లెక్క కట్టుకోవచ్చు. 11.66 గ్రాముల్లో 91.7 శాతం వెండి, అంటే సుమారు 10.69 గ్రాముల అసలు వెండి, దాన్ని ఆరోజు వెండి రేటుతో గుణిస్తే సరి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2025లో వెండి కిలో లక్ష దాటి ఇంకా పైకి పోయినప్పుడు, అంతకుముందు రేటు మాట్లాడుకున్నవాళ్ళని కొందరు అమ్మకందారులు "రేటు మారింది, ఇంకో రెండు వేలు వేయండి" అని అడగడం నేను చూశాను. వెండి పడిపోతే వాళ్ళు తగ్గిస్తారా? తగ్గించరు. అందుకని ధర ఖాయం అన్న ముక్క కాగితంలో ఉండి తీరాలి, జీఎస్టీ అందులో కలిసిందా లేదా అన్నది కూడా.

వాయిదా తేదీలు పెట్టుకునేటప్పుడు మీ డబ్బు ఎప్పుడొస్తుందో చూసి పెట్టుకోండి, డీలర్ ఒకటో తారీఖు అన్నాడని తలూపొద్దు. మా నెల్లూరు వైపు పెద్ద పంట డబ్బు మార్చి, ఏప్రిల్‌లో చేతికొస్తుంది, ఎడగారు, అంటే రెండో పంట, పండించేవాళ్ళకి ఇంకోసారి. ఒంగోలు, టంగుటూరు వైపు పొగాకు వేలం అయితేనే చేతిలో డబ్బు ఆడుతుంది. రొయ్యల గుంటలవాళ్ళకి పట్టుబడి అయ్యేదాకా పైసా కనపడదు, అయ్యాక ఒక్కసారి కనపడుతుంది. నాకు తెలిసిన ఒక రైతు నెలవారీ వాయిదాలు వద్దని, ముందు పావు వంతు ఇచ్చి, వడ్లు అమ్మాక మిగతాదంతా ఒకేసారి ఇస్తానని రాయించుకున్నాడు, డీలర్ ఒప్పుకున్నాడు కూడా. అడగడానికి మొహమాటపడొద్దు. ఇంకోమాట, నాలుగు వాయిదాలు కదా అని రెట్టింపు ధర నాణెం మీదకి మనసు పోతుంది, అది నాకూ జరిగింది. మొత్తం డబ్బు ఈరోజు చేతిలో ఉన్నా ఈ ధర పెట్టి ఇదే కొంటానా అని ఒక రాత్రి నిద్రపోయి పొద్దున మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి.

ఇప్పుడు కాగితం. నేను వాడే మాటలు ఇవి, మీ నాణేనికి తగ్గట్టు మార్చుకోండి.

"1911 సంవత్సరపు అయిదో జార్జి వెండి రూపాయి, తూకం 11.62 గ్రాములు, రెండు వైపులా, అంచు ఫోటోలు జతచేయబడినవి, రాజు చెవి కింద చిన్న గీత ఉన్నది. ఫోటోలో ఉన్న ఇదే నాణెం ఇవ్వవలెను, ఇదే రకం వేరొకటి కాదు. ధర అన్ని పన్నులతో కలిపి 12,000, మధ్యలో మారదు. ఈరోజు 3,000 ముట్టినది. మిగతా 9,000 మూడు వాయిదాలు, ప్రతి నెల 10వ తేదీ లోపు. ఒక వాయిదా తప్పితే 15 రోజులు గడువు. కొనేవారు మానుకుంటే ధరలో 10 శాతం మినహాయించి మిగతాది 15 రోజుల్లో వాపసు. అమ్మేవారు నాణెం ఇవ్వలేకపోతే కట్టినదంతా వాపసు. అప్పగించిన 7 రోజుల్లో నకిలీ అని గానీ, ఫోటోలోని నాణెం కాదని గానీ తేలితే పూర్తి డబ్బు వాపసు. కొనేవారికి ఏమైనా అయితే వారి భార్యకు ఈ హక్కులన్నీ చెందును."

ఆ ఆఖరి వాక్యం చాలామంది రాయరు. నాణేల పిచ్చి ఉన్నవాళ్ళలో చాలామంది ఎక్కడ ఎంత కట్టారో ఇంట్లో చెప్పరు. కాగితం ఒక కాపీ ఇంట్లో ఇవ్వండి, వాట్సాప్‌లో భార్యకో, కొడుక్కో ఫోటో పంపండి. అమ్మేవాడి వైపు కూడా అంతే, కొట్లో ఆయనొక్కడికే తెలిసిన బేరం ఆయనతోనే పోతుంది. కొట్టు ఖాతా పుస్తకంలో మీ పేరుతో పేజీ తెరిపించి, దాన్ని కూడా ఫోన్‌తో ఫోటో తీసుకోండి. వాపసు కోత గురించి బేరం ఆడండి, కొందరు కట్టినదంతా పోతుంది అంటారు, అలాంటి షరతుకి సంతకం పెట్టొద్దు.

సీలు వేయడం మర్చిపోవద్దు. ఇది నాకు ఒంగోలులో ఒక పెద్దాయన నేర్పించాడు. నాణేన్ని చిన్న అట్ట హోల్డర్‌లో పెట్టి, దాన్ని బ్రౌన్ కవర్లో వేసి అంటించి, అంటించిన చోట కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరూ అడ్డంగా సంతకం చేసి, దాని మీద వెడల్పు పారదర్శక టేపు వేస్తారు. టేపు ఊడదీస్తే సంతకాల మీది కాగితం పొర కూడా లేచి వస్తుంది, మళ్ళీ అతికించినా తెలిసిపోతుంది. కవరు ఆయన బీరువాలోనే ఉంటుంది, కానీ లోపలున్నది మారదు. నేను తర్వాత కొన్న ఆరూ ఇలాగే కొన్నాను. ఇద్దరికీ కావలసిన మూడో మనిషి ఎవరైనా ఉంటే కవరు ఆయన దగ్గర పెట్టడం ఇంకా మంచిది.

డబ్బు కట్టేటప్పుడు యూపీఐ గానీ బ్యాంకు ద్వారా గానీ కట్టండి, "1911 రూపాయి, 2వ వాయిదా" అని నోట్‌లో రాయండి. కొట్టు పేరు మీదున్న ఖాతాకే పంపండి, బావమరిది నంబరుకి పంపమంటే వద్దు. చేతి డబ్బు ఇవ్వాల్సివస్తే అక్కడికక్కడే రసీదు, దాంట్లో ఇంకా ఎంత బాకీ ఉందో కూడా రాయించాలి. వాయిదా కట్టలేకపోతున్నారని తెలిస్తే గడువుకి ముందే ఫోన్ చేసి చెప్పి, అదే విషయం మెసేజ్‌లో పెట్టండి. నెల్లూరులో సగం వ్యవహారాలు నోటిమాట మీదే నడుస్తాయి, మాట మీద నిలబడేవాళ్ళూ ఉన్నారు, అయినా మెసేజ్ ఉండాలి.

ఫోన్‌లో వచ్చేవాటి గురించి కాస్త గట్టిగా చెప్తాను, ఎందుకంటే మా బంధువుల్లో ఒకావిడ దీనికి బలైంది. వైష్ణోదేవి బొమ్మున్న అయిదు రూపాయల బిళ్ళ మీ దగ్గర ఉంటే లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ 1,500 కట్టండి, తర్వాత పన్ను, తర్వాత కొరియర్. అది కూడా వాయిదాల్లాగే నడుస్తుంది, ఆఖరి వాయిదా మాత్రం ఎప్పటికీ రాదు. రిజర్వ్ బ్యాంకు పేరు, ముద్ర వాడి ఇలా కమిషన్లు అడుగుతున్నారని, తమకి దీంతో సంబంధం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, రేపు చేద్దాం అనుకుంటే ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. కొట్టుతో గొడవైతే అది వేరు, దానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. మీ కాగితం, యూపీఐ వివరాలు, ఫోటోలు ఉంటే అక్కడ మీ మాటకి బలం ఉంటుంది. నా దగ్గర అప్పుడు ఇవేవీ లేవు.

లంకెబిందెల బేరాలు కూడా వస్తుంటాయి, పొలంలో దొరికాయి, కొంచెం కొంచెంగా ఇవ్వు, ఒక్కో బిళ్ళా ఇస్తాం అని. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే పాత గుడి శిథిలాల్లో నిజంగానే ఒక కుండ దొరికింది, దాంట్లో ట్రాజన్, హేడ్రియన్ లాంటి రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు ఉన్నాయి. ఆయన వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, వాటిలో చాలా కరిగిపోయాయి. ఆ కథ తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. కానీ ఆ కథ చెప్పి మీకు అమ్మచూపేవాడి దగ్గర ఉన్నది ఇత్తడి అయినా అవ్వాలి, లేదా నేరమైనా అవ్వాలి. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దాచి ఉంచింది దొరికితే, విలువ పది రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకి తెలపాలి. అలాంటి నాణేనికి అడ్వాన్స్ ఇస్తే డబ్బు పోవడమే కాదు, మీరు కూడా స్టేషన్ మెట్లెక్కుతారు. ఇంకోటి, వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కింద లెక్క, దేశంలో మనం కొనుక్కోవచ్చు, దాచుకోవచ్చు, విదేశాల్లో ఉన్న కొడుక్కి పంపడానికి మాత్రం కుదరదు.

ఆఖరి వాయిదా రోజున డబ్బు ఇచ్చాక కవరు తెరవడం కాదు, కవరు తెరిచి చూశాక డబ్బు ఇవ్వాలి. చెన్నైలో కొన్నా మూడు గంటల ప్రయాణమే, స్వయంగా వెళ్ళండి. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా ఆన్‌లైన్‌లో అయిదారు వందలకే వస్తుంది, జేబులో పెట్టుకుని వెళ్ళండి, ఒక చిన్న అయస్కాంతం కూడా, వెండి దానికి అంటుకోదు. ఫోన్‌లో పాత ఫోటో పెద్దది చేసి పక్కన పెట్టుకుని చెవి కింద గీత ఉందా, అంచు అంతా ఒకేలా ఉందా నిదానంగా చూడండి. కొట్టువాడు విసుక్కున్నా పర్లేదు. వెళ్ళడం కుదరక పోస్టులో తెప్పించుకుంటే, ఇన్సూరెన్స్ చేయించిన స్పీడ్ పోస్టే పంపమనండి, పార్సిల్ చింపేటప్పుడు మొదట్నుంచీ ఆపకుండా వీడియో తీయండి, కవరు మీది సంతకాలు వీడియోలో కనపడాలి. ఏడు రోజుల గడువు ఉంది కదా అని బీరువాలో పెట్టి కూర్చోకుండా, రెండోరోజే తెలిసిన కంసాలికో, ఇంకో సేకరించేవాళ్ళకో చూపించండి.

చేతికొచ్చాక దాన్ని చింతపండుతో గానీ, విభూదితో గానీ, టూత్‌పేస్టుతో గానీ తోమొద్దు. ఆ నల్లటి పాత రంగు పోతే సగం ధర కూడా పోతుంది, ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ముందే చెప్పి పెట్టండి. మాది సముద్రపు గాలి తగిలే ఊరు, వెండి తొందరగా రంగు మారుతుంది, అందుకే మెత్తగా వాసన వేసే చౌక ప్లాస్టిక్ కవర్లు వాడను, గట్టి డబ్బాలో పెట్టి పక్కన సిలికా జెల్ పొట్లం వేస్తాను, రెండు నెలలకోసారి పొట్లం మారుస్తాను. వాయిదా కాగితం, రసీదులు, ఆ సంతకాల కవరు కూడా నాణెంతోపాటే ఒక సంచిలో ఉంచుతాను, రేపు దాన్ని ఎవరికైనా అమ్మాల్సివస్తే వాళ్ళు మొదట అడిగేది అవే.